ఉత్తమ పురుష లేని కథ: తెలంగాణ నవలలో వెట్టి, విముక్తి

తెలుగు వ్యాకరణమున పురుషలు మూడు. తన్ను గూర్చి తాను చెప్పుకొనునది ఉత్తమ పురుష. ఎదుటివానితో పలుకునది మధ్యమ పురుష. ఎదుట లేనివానిని గూర్చి చెప్పునది ప్రథమ పురుష. తెలంగాణమున వెట్టిచాకిరిని గూర్చి వెలువడిన నవలలను ఈ మూడు పురుషల వెలుగులో చదివినచో ఒక విశేషము కన్పించును. దొర నోట వెట్టివాడు మధ్యమ పురుష. రమ్మనుటకును పొమ్మనుటకును గురియైనవాడు. రచయిత కలమున అతడు ప్రథమ పురుష. జాలికి, ఆగ్రహమునకు, ఆశకు పాత్రమైనవాడు. ఉత్తమ పురుషగా మాత్రము అతడు మనకు దాదాపు దొరకడు. ఈ లోటు రచయితలదా, చరిత్రదా, పరిశోధకులమైన మనదా అని విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

వెట్టి యనగా కూలి లేని పని యని సామాన్యార్థము. తెలంగాణ గ్రామములలో అది అంతకంటె విస్తృతమైన వ్యవస్థ. నైజాము రాజ్యమున జాగీరుదారులకు, దేశముఖులకు, పటేలు పట్వారీలకు, దౌరాకు వచ్చు సర్కారు ఉద్యోగులకు గ్రామములోని ప్రతి వృత్తివారును తమ వంతు పని ఉచితముగా చేయవలసి యుండెను. మాల మాదిగలు మూటలు మోయవలెను, కబురులు చేరవేయవలెను, దొర పొలమున పని ముగిసినగాని తమ పని చూచుకొనరాదు. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, గొల్ల, బెస్త, ఎవరి వంతు వారికుండెను. దీనికి తోడు భగేలా పద్ధతి యొకటి. అప్పు తీర్చలేనివాడు ఋణదాత యింట పనికి కట్టువడును. వడ్డీ పెరుగును గాని పని అప్పును తరుగనీయదు. తండ్రి అప్పు కొడుకునకు సంక్రమించును. గడీలలో ఆడబాపల వ్యవస్థ మరింత దారుణము. దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు అరణముగా వెంట పంపబడు దాసి ఆడబాప. ఆమె దేహముపై ఆమెకు హక్కు లేదు.

ఇది బానిసత్వమేనా యను ప్రశ్న కలుగవచ్చును. అమెరికా దక్షిణ రాష్ట్రములలో వలె మనిషిని సంతలో నిలిపి వేలము వేయుట ఇచ్చట లేదు. వెట్టివానికి ఇల్లుండెను, కులముండెను, ఒక్కొక్కయెడ పిడికెడు భూమియు నుండెను. లేనిది కాదను హక్కు మాత్రమే. మరియొక భేదము కలదు. అమెరికా బానిస ఒక యజమాని సొత్తు. వెట్టివాడు ఒక్కని సొత్తు కాడు. గ్రామములోని అధికారమంతటికిని అతడు బాకీపడినవాడు. అందుచేతనే ఒక్క కాగితముతో అతనిని విడుదల చేయుట సాధ్యము కాలేదు. 1923లో వెట్టిని నిషేధించు ఫర్మానా వెలువడినది. భగేలా ఒప్పందములను గూర్చి 1936లో నిజాం ప్రభుత్వము ఒక నిబంధన చేసినది. ఊరిలో మాత్రము ఆ ఫర్మానాను అమలు జరుపవలసినవారే వెట్టి చేయించుకొనువారు.

ఈ అన్యాయమును బహిరంగముగా చర్చించిన ఘనత ఆంధ్ర జనసంఘమునకును, దాని నుండి ఎదిగిన ఆంధ్ర మహాసభకును చెందును. నేటి సంగారెడ్డి జిల్లా నేల ఈ చరిత్రకు ఆద్యంతములలో సాక్షి. తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినది. 1944లో భువనగిరి సభతో సంస్థ రెండుగా చీలిన పిమ్మట, జాతీయవాదుల పక్షమున పదమూడవ సభ 1946లో జమలాపురం కేశవరావు అధ్యక్షతన కందిలో జరిగినది. జోగిపేట నుండి కందికి పదునారు సంవత్సరములు. ఈ నడుమ వినతిపత్రము తీర్మానమైనది, తీర్మానము ప్రతిఘటన యైనది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొర మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైన పిదప ప్రతిఘటన పోరాటరూపము ధరించినది.

ఆ పోరాటము 1951 అక్టోబరు వరకు సాగినది. నడుమ, 1948 సెప్టెంబరులో, భారతసైన్యము ప్రవేశించి నిజాం పాలనను ముగించినది; అటుపై అదే సైన్యము పోరాడు రైతులపైకి మరలినది. మూడువేల గ్రామములలో పది లక్షల ఎకరములు పంచబడినవనియు, నాలుగువేలమంది ప్రాణములు కోల్పోయిరనియు పుచ్చలపల్లి సుందరయ్య తమ గ్రంథమున లెక్క చెప్పినారు. దీనిని అంతర్యుద్ధమనుట అతిశయోక్తి కాదు. గడీ బురుజు మీద నిలిచినవాడును, వడిసెల పట్టి గడీ ముందు నిలిచినవాడును తరచుగా ఒకే ఊరివారు.

ఈ యుద్ధము సాహిత్యమునకు వెంటనే వస్తువైనది. తొలి నవలగా పేర్కొనబడు బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ నాటకము 1947లోనే వెలువడినవి. ఈ రచయితలు కోస్తా జిల్లాలవారు. తెలంగాణమున జరుగుచున్న దారుణమును తమ ప్రాంత ప్రజలకు తెలియజెప్పి పోరాటమునకు అండ చేకూర్చుట వారి తక్షణ కర్తవ్యము. ఆ కర్తవ్యమును వారు నెరవేర్చినారు. కాని దూరస్థులకు చెప్పు కథలో వెట్టివాడు ఒక ఉదాహరణమగును. అతని బాధ శ్రోతను కదలించుటకై ఎన్నుకొనబడును. అతని దినచర్య, అతని యుక్తి, అతని హాస్యము వదలివేయబడును. యుద్ధకాల సాహిత్యమునకు ఇది సహజధర్మము గనుక నిందింపనవసరము లేదు. గుర్తింపవలెను, అంతియే.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ 1955లో వెలువడినది. ఈ రచయిత వెట్టి గ్రామమునకు బయటివాడు కాడు. బాల్యమున పరుల యిండ్ల వంటచేసి, హోటలులో సర్వరుగా పనిచేసి, తానై చదువు సంపాదించుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, జైలు జీవితము గడపినవారు. పరుల ఆజ్ఞకు లోబడి పనిచేయుట యెట్టిదో ఎరిగిన కలము వారిది. దిమ్మెగూడెమను గ్రామము, దొర రామభూపాలరావు, అతనిని ఎదిరించు కంఠీరవము, గ్రంథాలయోద్యమము, ఆంధ్ర మహాసభ, ఇవి ఈ నవలకు అంగములు. దీని గొప్పతనము దొరను రాక్షసునిగా చూపుటలో లేదు. అధికారము ఊరిలో ఎట్లు పనిచేయునో, అనగా పట్వారీ లెక్క, పోలీసు పటేలు సాక్ష్యము, ఋణపత్రము, దౌరా ఏర్పాటులు ఒకదానికొకటి ఎట్లు ఊతమిచ్చుకొనునో చూపుటలో కలదు. వెట్టి యొక వ్యక్తి క్రౌర్యము కాదనియు, ఒక యంత్రాంగమనియు తెలుగు నవల ఈ గ్రంథముతో నేర్చుకొన్నది.

అయినను ఇచ్చటను చైతన్యమునకు మార్గము కంఠీరవము. చదువుకొన్న యువకుడు చూచును, అర్థము చేసికొనును, చెప్పును. పని చేసినవారు అతని మాట వలన తమ స్థితిని గ్రహింతురు. చరిత్రలో కొంతవరకు ఇట్లే జరిగినదనుట నిజము. ‘సంగము’ అను మాట ఊరికి పట్నపు చదువులతోనే వచ్చినది. కాని సంఘము రాకముందు వెట్టివారు మూగవారు కారు. పనిని ఆలస్యము చేయుట, చెప్పిన మాట విననట్లు నటించుట, దొరకు మారుపేరు పెట్టి నవ్వుకొనుట, రాత్రికి రాత్రి ఊరు విడిచి పోవుట: బలహీనుల చేతిలోని ఆయుధములివి. నవలలో వీనికి చోటు స్వల్పము. నాయకుడు రాకముందు గడచిన కాలమును నవల మౌనముగా పరిగణించినది. అది మౌనము కాదు. వినువారు లేని మాట.

ఆళ్వారుస్వామి 1961లో కన్నుమూసినారు. అసంపూర్ణముగా మిగిలిన ‘గంగు’ 1965లో వెలుగు చూచినది. ఒక స్త్రీని కథకు కేంద్రముగా నిలిపిన ఆ నవల పూర్తియై యుండినచో మన చర్చ మరియొక దారి తొక్కెడిదేమో. ఆయన తలపెట్టిన తెలంగాణ కథాపరంపరను దాశరథి రంగాచార్య కొనసాగించినారు. పోరాటమునకు పూర్వస్థితిని ‘చిల్లర దేవుళ్లు’, పోరాటకాలమును ‘మోదుగుపూలు’, తరువాతి గ్రామమును ‘జనపదం’ తీసికొన్నవి. మొదటి నవలలో ఊరికి క్రొత్తగా వచ్చిన సంగీతకారుడు పాణితో పాటు పాఠకుడును గడీ లోపలికి ప్రవేశించును. గడీ జీవనమును, అందు ఆడబాపల దుఃఖమును తెలుగు పాఠకలోకము ముందుంచిన గ్రంథములలో దీనికి ముఖ్యస్థానము కలదు. ఆడబాప యితివృత్తమును 1988లో బి. నర్సింగరావు ‘దాసి’ చలనచిత్రముగా మలచినారు.

రంగాచార్య భాష విషయమున ఒక సాహసము చేసినారు. పాత్రల నోట తెలంగాణ మాండలికమును నిస్సంకోచముగా పలికించినారు. ఆ పలుకుబడి అచ్చున గౌరవము పొందుటకు ఈ నవలలు చేసిన మేలు తక్కువది కాదు. అయితే ఈ సాహసము ఒక హద్దు వద్ద ఆగినది. సంభాషణము మాండలికము, కథనము శిష్టభాష. అనగా వెట్టివాడు బదులు చెప్పునపుడు తన మాట మాటలాడును. అతని బ్రదుకునకు అర్థము చెప్పవలసి వచ్చినపుడు రచయిత మాట వచ్చును. ఇది భాషానియమము మాత్రమే కాదు. ఎవరికి జవాబు చెప్పు అర్హత యున్నది, ఎవరికి కథ చెప్పు అర్హత యున్నది అను విభజనము అందులో దాగియున్నది.

ఇంక యుద్ధానంతరకాలము. ఇచ్చటనే మన నవలకు కఠినపరీక్ష. పోరాటనవల సహజముగా ఉత్సాహముతోగాని బలిదానముతోగాని ముగియును. ఆ తరువాత తెల్లవారిననాడు వెట్టి మానినవాడు ఏమి తిన్నాడు, ఎవరి పొలమునకు పోయినాడు? 1949లో జాగీరులు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చినది. అదే సంవత్సరము జనవరిలో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 23వ అధికరణమున బేగారును నిషేధించినది. 1951 ఏప్రిలులో పోచంపల్లిలో భూదానోద్యమము పుట్టినది. ఇన్ని శుభకార్యముల నడుమ ఒక చిక్కు కలదు. కౌలుచట్టము రక్షించినది కౌలుదారుని. వెట్టిచేసినవారిలో చాలమందికి కౌలే లేదు. చట్టమున వారికి స్థానము లేదు. కౌలుదారులకైనను రక్షణము సంపూర్ణము కాలేదు. రక్షిత కౌలుదారులు పలువురు తమ హక్కును ‘స్వచ్ఛందముగా’ వదలుకొన్నట్లు వ్రాయించుకొని భూస్వాములు భూమిని తిరిగి తీసికొనుటను ఎ. ఎం. ఖుస్రో 1958లో వెలువడిన తమ అధ్యయనమున చూపినారు.

అమెరికా చరిత్రతో పోలిక ఇచ్చట ఉపకరించును. 1861 నుండి 1865 వరకు సాగిన అంతర్యుద్ధము ముగిసిన యేడే రాజ్యాంగమునకు చేసిన పదమూడవ సవరణము బానిసత్వమును రద్దు చేసినది. నేరమునకు శిక్షగా చేయించు పనిని మాత్రము మినహాయించినది. విముక్తులైన నలభై లక్షలమందికి భూమి దక్కలేదు. పూర్వపు యజమాని పొలమునే పాలుకు దున్నుచు, అతని కొట్టులోనే అప్పు చేయుచు వారు మరల కట్టువడిరి. 1877లో కేంద్రసైన్యములు దక్షిణమున తమ అండను ఉపసంహరించుకొనుటతో పునర్నిర్మాణ యుగము ముగిసినది. విముక్తి ఒక దినమున ప్రకటింపబడవచ్చును గాని, భూమి లేని విముక్తి అప్పు రూపమున వెనుకకు మరలునని ఉభయచరిత్రలును చెప్పుచున్నవి.

మన కథయు 1951తో ముగియలేదనుటకు చట్టమే సాక్ష్యము. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఆంగ్లమున వ్రాయబడినది. అయినను ఏయే పద్ధతులు ఆ చట్టము క్రిందికి వచ్చునో చెప్పు వివరణమున దేశభాషల మాటలనే వరుసగా పేర్కొన్నది. ఆ జాబితాలో భగేలా కలదు, జీత కలదు, పాలేరు కలదు, చిట్టచివర వెట్టియు కలదు. నిజాం రాజ్యము అంతరించిన ఇరువదియెనిమిది సంవత్సరములకు ఈ మాటలు శాసనమున చేర్పవలసి వచ్చినవనగా, అవి అప్పటికి నిఘంటువునకు మాత్రమే చెందినవి కావు. 1970వ దశాబ్ది చివర కరీంనగరు జిల్లాలో వెట్టికిని దొరతనమునకును ఎదురు నిలిచిన రైతుకూలీల ఉద్యమము నుండి అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ వంటి నవలలు పుట్టినవి. వెనుకటి నవలలు ముగింపు పలికిన చోటనే వీరి నవల ఆరంభమైనది. యుద్ధానంతర గ్రామము తెలుగు నవలకు నిజముగా వస్తువైనది అప్పుడే యని నా అభిప్రాయము.

ఇంత సాహిత్యము వెలసియు, వెట్టివాని ఉత్తమ పురుష మనకు లభింపలేదు. నాయకుల ఆత్మకథలు కలవు. రావి నారాయణరెడ్డి మొదలుగా పలువురు తమ అనుభవములు వ్రాసినారు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే వినిపించి ఒక క్రొత్త మార్గము తెరచినది. చిట్యాల ఐలమ్మ తన కథను తానే చెప్పిన ఆ పుటలు చదివినవారికి, నవలలో మనము ఏమి కోల్పోయినామో తెలియును. కాని ఆ గ్రంథము పోరాడినవారిది. పోరాడనివారు, పోరాటము చేరని ఊళ్లలో వెట్టిచేసినవారు, అందును మిగిలిపోయినారు.

అమెరికాలో ఫ్రెడరిక్ డగ్లస్ తాను తప్పించుకొన్న బానిసత్వమును 1845లోనే స్వయముగా గ్రంథస్థము చేసినాడు. మనకట్టి గ్రంథము లేదు. అమెరికాలోనే మరియొక ప్రయత్నము జరిగినది. యుద్ధము ముగిసిన డెబ్బదియేండ్ల పిమ్మట, 1936–38 సంవత్సరములలో, ప్రభుత్వము నియమించిన రచయితలు బ్రదికియున్న పూర్వపు బానిసలను కలిసి రెండువేల మున్నూరుకు పైగా కథనములు సేకరించినారు. ఆ సేకరణము నిర్దుష్టము కాదు. అడిగినవారు ఎక్కువమంది తెల్లవారగుటచే చెప్పినవారు అనేకులు జంకుతో చెప్పినారు. వ్రాసినవారు వారి పలుకుబడిని తమకు తోచినట్లు మార్చినారు. అయినను అవి లేనిచో ఆ దేశచరిత్ర ఎంత పేదదగునో ఊహింపవచ్చును. మనకు ఆ డెబ్బదియేండ్ల గడువు దాటిపోయినది. 1946 నాటికి పన్నెండేండ్లవాడై గడీ వాకిలి ఊడ్చిన బాలుడు నేడు తొంబది దాటినవాడు.

ఈ మాట ఏ ఊరిని తలచి చెప్పుచున్నానో పేర్కొనుట మేలు. పైన చర్చించిన నవలలలో దేనికిని గుమ్మడిదల రంగస్థలము కాదు. హైదరాబాదు నుండి నర్సాపూరు మీదుగా మెదకునకు పోవు మార్గమున ఉన్న ఈ గ్రామము పూర్వపు మెదకు జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో మండలకేంద్రము. నల్లగొండ, వరంగల్లు గ్రామముల వలె దీని పేరు పోరాటసాహిత్యమున మారుమ్రోగలేదు. పటాన్‌చెరువు పరిసరములలో 1970వ దశాబ్ది నుండి విస్తరించిన పరిశ్రమల వలయము ఈ ప్రాంతమును చుట్టుకొన్నది. పొలములు మందుల కర్మాగారములకు నెలవులైనవి. ఇట్టి చోట్లనే యుద్ధానంతర చరిత్ర సంపూర్ణముగా కన్పట్టును, ఏలయన ఇచ్చట కథ వీరగాథగా ముగిసిపోలేదు.

ఇచ్చటి ఒక్క మాటను పట్టి చూతము. ‘జీతము’ అనగా నేడు నెలకు వచ్చు వేతనము. తెలంగాణ పల్లెలో రెండు తరముల క్రిందట ‘జీతముండుట’ యనగా అప్పుకు బదులుగా సంవత్సరమంతయు ఒక ఇంట పనికి కట్టువడుట. జీతగాడనగా ఉద్యోగి కాడు. 1976 చట్టము పేర్కొన్న ‘జీత’ ఈ పల్లెమాటకు సోదరియే. తాత వెట్టిచేసి, తండ్రి జీతముండి, మనుమడు కర్మాగారమున గుత్తేదారు క్రింద జీతము పుచ్చుకొనుచున్న కుటుంబమున ఒకే మాట మూడు తరములలో ఎట్లు రూపు మార్చుకొన్నదో వినవలెను. మనుమని స్థితియు వెట్టియే యని తొందరపడి తీర్మానించుట తప్పు. అతడు పని మానవచ్చును, వేరుచోటికి పోవచ్చును. అతని తాతకు లేనిది సరిగా ఆ హక్కే. కాని ఆ హక్కు ఎంత దూరము చెల్లుచున్నదో చెప్పవలసినవాడు అతడే. మనము గాని, నవలాకారుడు గాని కాదు.

ఉత్తమ పురుషలో చెప్పినంతమాత్రమున కథ సత్యమగునా యని ఆక్షేపింపవచ్చును. కాదు. జ్ఞాపకము మారును, గర్వము దాచును, భయము మింగును. నవల ఒక వ్యవస్థ మొత్తమును చూపగలదు. ఒక్కని మాట చూపజాలదు. ‘ప్రజల మనిషి’ చూపిన యంత్రాంగమును ఏ వృద్ధుని జ్ఞాపకమును చూపలేదు. కనుక ఒకటి మరియొకదానికి బదులు కాదు. రెండును ఎదురెదురుగా నిలిచినపుడే విమర్శకునకు కొలత దొరకును. నేడు మన చేతిలో ఒక్కటియే ఉన్నది.

తెలుగు శాఖలలో పాటలను, పొడుపు కథలను, సామెతలను సేకరించు సంప్రదాయము బలముగా ఉన్నది. ఆ శ్రద్ధనే ఈ పనికి మరల్చవలెను. అమెరికా అనుభవము మనకు మూడు హెచ్చరికలు చేయుచున్నది. ఒకటి: అడుగువారెవరను దానిని బట్టి జవాబు మారును, పూర్వపు దొరల కుటుంబముతో చుట్టరికమున్న పరిశోధకునితో చెప్పిన మాటయు, తమ వాడకు చెందిన విద్యార్థితో చెప్పిన మాటయు ఒకటి కానేరవు. రెండు: చెప్పినవాని పలుకును శిష్టభాషలోనికి దిద్దరాదు, దిద్దినచో రంగాచార్య ఆగిన హద్దు వద్దనే మనమును ఆగుదుము. మూడు: పోరాటమును గూర్చి మాత్రమే అడుగరాదు, పని, తిండి, అప్పు, నవ్వు, ఊరు విడిచిన రాత్రి, మొదటిసారి కాదన్న దినము, వీనిని అడుగవలెను.

ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. గుమ్మడిదల వంటి గ్రామములకు విశ్వవిద్యాలయముల నుండి దూరము లేదు. ఉన్నది కాలము కొరత. వచ్చు విద్యాసంవత్సరమున సిద్ధాంతవ్యాసమునకు విషయము వెదకు విద్యార్థులు ‘చిల్లర దేవుళ్లు’పై మరియొక పాత్రచిత్రణ వ్యాసము వ్రాయుటకు ముందు, తొంబదియేండ్లు దాటినవారు తమ ఊరిలో ఎందరున్నారో విచారింతురు గాక.